ఎస్పోసితో: ఏ ఇంటిదీ కాని ఇంటిపేరు

ఇటలీలో అందరికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేర్లను వరసగా చూస్తే మొదటి మూడింటిలో పెద్ద వింతేమీ కనిపించదు. రోస్సి అంటే ఎర్రని అని అర్థం. ఎర్రజుట్టో, ఎర్రగడ్డమో ఉన్న ముత్తాత ఎవరో ఉండి ఉంటాడు. రుస్సో కూడా అదే మాట, కాకపోతే దక్షిణాది రూపం. ఫెర్రారి అంటే కమ్మరి. కార్ల వల్ల ఆ పేరుకు ఇప్పుడు ఇంత షోకు వచ్చింది గానీ పుట్టింది మాత్రం కొలిమి దగ్గరే. నాలుగో పేరు ఎస్పోసితో. దీనివెనక జుట్టు రంగు లేదు, చేతిపని లేదు, ఊరు లేదు, తాత పేరూ లేదు. దీని అర్థం 'బయట పెట్టేసినది'. అలా బయట పెట్టేసింది పసిబిడ్డను.

లాటిన్‌లో ఎక్స్‌పోనెరె అంటే బయట ఉంచడం. అందులోంచి వచ్చిన ఎక్స్‌పోసితుస్ అనే మాట ఇటాలియన్‌లో ఎస్పోసితో అయింది. మన ఊళ్లలో పెట్టే ఎక్స్‌పోలు, కెమెరావాళ్లు చూసుకునే ఎక్స్‌పోజర్, సినిమా కబుర్లలో వినపడే ఎక్స్‌పోజింగ్, అన్నీ ఆ ధాతువు సంతానమే. ఇంగ్లిష్ దారిలో ఈ పేరు విన్నవాళ్లు 'ఎస్పొజీటో' అంటారు. ఇటలీలో ఒత్తు 'పో' మీద పడుతుంది, చివర్లో ఉన్నది టకారం కాదు, తకారం. రెంటికీ వేరువేరు అక్షరాలున్న తెలుగు లిపిలో ఈ పేరును ఇంగ్లిష్‌లో కన్నా సరిగ్గా రాయొచ్చు.

బిడ్డను బయట వదిలేయడం పాత రోమన్ల కాలం నుంచీ ఉన్నదే. పుట్టిన బిడ్డను ఇంట్లో పెంచాలా వద్దా అన్నది తండ్రి చేతిలో ఉండేది. రోమ్ నగరాన్ని కట్టారని చెప్పే రోములస్, రెముస్ కవలల కథ కూడా తైబర్ నదిలో వదిలేసిన బిడ్డల కథే. కర్ణుడి కథ తెలిసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. తర్వాతి కాలంలో ఈ బిడ్డల బాధ్యతను చర్చి ఆసుపత్రులు తలకెత్తుకున్నాయి. 1198లో పోప్ అయిన మూడో ఇన్నోసెంట్ కాలంలో తైబర్ నదిలో జాలరుల వలల్లో శిశువుల శవాలు పడ్డాయనీ, అది విని కదిలిపోయిన పోప్ రోమ్‌లోని శాంతో స్పిరితో ఆసుపత్రిలో వాళ్లకు చోటు ఏర్పాటు చేశాడనీ సంప్రదాయంగా చెప్పుకుంటారు. అందులో ఎంత నిజం, ఎంత కథ అన్నది పక్కన పెడితే, ఆ తర్వాతి శతాబ్దాల్లో ఇటలీలో పెద్ద నగరం అన్నదానికల్లా ఇలాంటి ఆసుపత్రి ఒకటి ఉండేది.

నేపుల్స్‌లో ఆ చోటు పేరు అనున్‌జియాతా. మేరీమాతకు దేవదూత శుభవార్త చెప్పిన సందర్భం పేరిట 14వ శతాబ్దంలో వెలసిన సంస్థ అది. నగరం నడిబొడ్డున, ఫోర్చెల్లా పేట సందుల్లో, చర్చి, ఆసుపత్రి, శిశువుల ఇల్లు అన్నీ ఒకే ప్రాకారంలో ఉండేవి. దాతలు రాసిచ్చిన ఆస్తులతో అది ఎంత సంపన్నమైందంటే దానికి సొంతంగా ఒక బ్యాంకు కూడా ఉండేది. 1702లో ఆ బ్యాంకు కుప్పకూలింది. 1757లో అగ్నిప్రమాదంలో చర్చి దెబ్బతింటే వాస్తుశిల్పి లుయీజి వాన్‌వితెల్లి మళ్లీ రూపకల్పన చేశాడు. చూడటానికి వెళ్లినవాళ్లు చర్చి చూసి అబ్బురపడతారు గానీ, ఈ ఇంటిపేరుకు సంబంధించినంతవరకు అసలు చూడాల్సింది గోడలో ఉన్న ఒక చిన్న కంత.

ఆ కంతలో చెక్కతో చేసిన డోలు లాంటిది నిలువుగా అమర్చి ఉండేది. దాన్ని రువోతా అనేవారు, అంటే చక్రం. డోలుకు ఒకవైపు మాత్రమే తెరిపి. తెరిపి వీధివైపు ఉన్నప్పుడు వచ్చినవాళ్లు బిడ్డను అందులో పెట్టి గంట కొట్టేవారు. లోపల కాపలా ఉన్న మనిషి డోలును తిప్పితే బిడ్డ గోడకు ఇవతలికి వచ్చేసేది. పెట్టిన చెయ్యి ఎవరిదో లోపలివాళ్లకు తెలియదు, తీసుకున్న ముఖం ఎవరిదో బయటివాళ్లకు తెలియదు. అది అలా తిరగడం వెనక లెక్క చాలా మోటుది. ఎవరో చూస్తారన్న భయం ఉంటే బిడ్డను బావిలోనో, చెత్తలోనో పారేస్తారు. భయం తీసేస్తే కనీసం ప్రాణంతో ఇక్కడికి తెస్తారు.

లోపలికి వచ్చిన బిడ్డ వివరాలు పుస్తకంలో ఎక్కించేవారు. ఏ రోజు, ఏ వేళ, వయసు ఎంత ఉండొచ్చు, ఒంటిమీద ఏ బట్టలు, ఏమైనా గుర్తు ఉందా. కొందరు తల్లులు బిడ్డతోపాటు ఒక రిబ్బను ముక్కో, చీటీయో, సగానికి కోసిన నాణెమో, పతకమో పెట్టేవారు. మిగతా సగం తమ దగ్గర ఉంచుకుని, ఏనాడైనా రోజులు బాగుపడితే రెండు ముక్కలూ కలిపి చూపించి బిడ్డను తీసుకెళ్దామని ఆశ. ఫ్లోరెన్స్‌లో ఇలాంటి ఆసుపత్రి ఒకటి ఇప్పుడు మ్యూజియం అయింది. అక్కడ ఆ సగం ముక్కలు అద్దాల వెనక వరసగా ఉంటాయి. మిగతా సగాలు ఎప్పటికీ రాలేదు కాబట్టే అవి అక్కడ ఉన్నాయి.

తర్వాత బాప్తిస్మం, దాంతోపాటు పేరు. క్రైస్తవ నామం దొరకడం కష్టం కాదు, క్యాలెండర్‌లో రోజుకొక సెయింట్ ఉంటాడు. చిక్కంతా ఇంటిపేరు దగ్గరే. 1563లో క్యాథలిక్ చర్చి పెద్దల ట్రెంట్ మహాసభ పూర్తయిన తర్వాత ప్రతి చర్చిలో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు రిజిస్టర్లలో రాయడం తప్పనిసరి అయింది. అంతకుముందు గాలివాటంగా మారుతూ వచ్చిన ఇంటిపేర్లు ఆ కాగితాల వల్లే గడ్డకట్టి తండ్రి నుంచి కొడుక్కి దిగడం మొదలైంది. ఫలానావారి కొడుకు అనడానికి ఫలానావారు లేని బిడ్డకు గుమస్తా ఏం రాయాలి? ఆ బిడ్డ ఎలా వచ్చిందో అదే రాశాడు. మొదట్లో అది పేరు కూడా కాదు, వర్గం. ఇప్పుడు ఆసుపత్రి చీటీ మీద 'ఔట్ పేషెంట్' అని రాసినట్టు. ఆ చీటీ మాటే పిల్లలు పెద్దై, పెళ్లై, వాళ్లకూ పిల్లలు పుట్టేసరికి ఇంటిపేరై కూర్చుంది.

బిడ్డలను వదిలినవాళ్లంతా పెళ్లికాని తల్లులే అనుకోవడం మామూలు. అది సగం నిజమే. కరువు వచ్చినా, రొట్టె ధర పెరిగినా చక్రం తిరగడం ఎక్కువయ్యేది. పెళ్లయి, అప్పటికే నలుగురైదుగురు పిల్లలున్న కూలీ కుటుంబాలు కూడా చివరిబిడ్డను ఇక్కడ పెట్టేవి. కొన్ని కుటుంబాలు దీన్ని ఒకరకం తాత్కాలిక ఏర్పాటులా వాడుకున్నాయి కూడా. ఆ సగం నాణేలకు అర్థం అదే. అందుకే ఎస్పోసితో అన్న పేరును అక్రమ సంతానానికి గుర్తుగా చదవడం తొందరపాటు. అంతకంటే పేదరికానికి గుర్తుగా చదవడం సబబు.

నేపుల్స్ జనం మాత్రం ఈ పిల్లలను మడోన్నా బిడ్డలు అనేవారు. తల్లీతండ్రీ తెలియదు కాబట్టి మేరీమాతే తల్లి. మాట ముద్దుగానే ఉంది. ఆ ముద్దు ఎంతవరకు కడుపు నింపిందన్నది వేరే ప్రశ్న.

అసలు చిక్కుముడి ఇక్కడే ఉంది. అప్పటి యూరప్ శిశు ఆసుపత్రుల్లో చావులు భయంకరంగా ఉండేవి. చేరినవాళ్లలో సగానికి పైగా మొదటి పుట్టినరోజు చూడని ఏళ్లు మామూలు. తల్లిపాలకు బదులు ఇవ్వడానికి అప్పట్లో సురక్షితమైనదేదీ లేదు. పాలిచ్చే దాదులు చాలక ఒక్కొక్కరూ ఇద్దరు ముగ్గురికి పాలివ్వాల్సి వచ్చేది. సవాయి రోగం (సిఫిలిస్) బిడ్డ నుంచి దాదికి, దాది నుంచి ఇంకో బిడ్డకు పాకేది. బతికినవాళ్లలో సగం ఆడపిల్లలు, వాళ్ల పిల్లలకు మొగుడి ఇంటిపేరే వస్తుంది. మగపిల్లల్లో అందరికీ పెళ్లిళ్లు కాలేదు. ఇంత జల్లెడ పట్టాక కూడా ఎస్పోసితో అనే పేరు నేపుల్స్ ఉన్న కంపానియా ప్రాంతంలో మొదటి స్థానానికి, దేశం మొత్తంలో నాలుగో స్థానానికి ఎలా ఎక్కింది?

జవాబు పేర్లు ఎలా చనిపోతాయన్న దాంట్లో ఉంది. 1870ల్లో ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ గాల్టన్, హెన్రీ వాట్సన్ ఈ విషయం మీద లెక్క కట్టారు. పెద్ద పెద్ద వంశాల పేర్లు ఎందుకు మాయమైపోతున్నాయన్నది వాళ్ల సందేహం. ఇంటిపేరు మగసంతానం ద్వారా మాత్రమే దిగుతున్నప్పుడు ఒక తరంలో అందరూ ఆడపిల్లలే పుడితే, లేదా మగపిల్లలు పెళ్లి కాకుండా పోతే, ఆ పేరు అక్కడితో ఆగిపోతుంది. ఒకే మూలపురుషుడి నుంచి వచ్చే పేర్లలో చాలావాటికి ఎప్పుడో ఒకప్పుడు ఇదే గతి. ఎస్పోసితో ఈ లెక్కకు లొంగదు. ఎందుకంటే దానికి మూలపురుషుడు ఒక్కడు కాదు. చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక కొత్త మూలపురుషుడు. ఏడాదికి వందల్లో, కొన్ని కాలాల్లో వేలల్లో వచ్చిన పిల్లలతో, అలా తరాల తరబడి. అందులో చాలామంది రాలిపోయినా, మిగిలిన ప్రతి మగబిడ్డా ఒక కొత్త వంశానికి మొదలు. మిగతా ఇంటిపేర్లు చెరువులాంటివి, ఎండ కాస్తే తగ్గుతాయి. దీనికి పైనుంచి కాలవ పారుతూనే ఉంది.

దాదుల ఏర్పాటు కూడా దీనికి తోడైంది. లోపల చోటు చాలక శిశువులను చుట్టుపక్కల పల్లెల్లోని దాదులకు జీతమిచ్చి అప్పగించేవారు. వాళ్లలో కొందరు ఆ ఇళ్లలోనే పెరిగి, అక్కడే పొలం పనుల్లో స్థిరపడ్డారు. కొంచెం పెద్దయిన మగపిల్లలను చేతిపనుల్లో పెట్టేవారు. ఆడపిల్లలకు సంస్థే కట్నమిచ్చి పెళ్లి చేసేది. అలా పేరు నగరం దాటి వెసూవియస్ అగ్నిపర్వతం చుట్టూ, సలెర్నో వైపు పల్లెల్లోకి పాకింది. దక్షిణ ఇటలీలో ఇంకా చాలా ఊళ్లలో ఇలాంటి చక్రాలే ఉండేవి, అక్కడి గుమస్తాలూ ఇదే మాట రాశారు. అందువల్ల ఇద్దరు ఎస్పోసితోలు ఎదురుపడితే బంధుత్వం వెతకడం దండగ. ఇంటిపేరు ఒకటైతే పెళ్లి సంబంధం కలుపుకోరాదనే మన లెక్క అక్కడ పెడితే నేపుల్స్‌లో సగం పెళ్లిళ్లు ఆగిపోతాయి.

ఈ పేరు బరువు ప్రభుత్వానికీ తెలిసొచ్చింది. నెపోలియన్ బావమరిది జొయాకిమ్ మ్యురా 1808 నుంచి 1815 వరకు నేపుల్స్‌ను ఏలాడు. చక్రంలో వచ్చిన పిల్లలకు ఎస్పోసితో అని పెట్టడం ఇక మానాలని ఆయన ఏలుబడిలో ఆంక్ష వచ్చింది. జీవితాంతం నుదుటి మీద ముద్రలా ఎందుకన్నది దాని వెనక ఆలోచన. మడోన్నా బిడ్డలని ముద్దు చేసిన ఊరిలో ఆ పేరుకు మచ్చ లేకపోతే ఇలాంటి ఆంక్షతో పనే ఉండేది కాదు. అప్పట్నుంచి గుమస్తాలకు కొత్త టెన్షన్ మొదలైంది. వచ్చిన ప్రతి బిడ్డకూ ఒక కొత్త ఇంటిపేరు కనిపెట్టాలి. వచ్చిన నెల, ఆనాటి సెయింట్, దొరికిన చోటు, కళ్లకు తోచిన లక్షణం, ఏదో ఒకటి. శకుంత పక్షుల మధ్య దొరికిన పాపకు కణ్వమహర్షి శకుంతల అని పెట్టిన పద్ధతే ఇది, కాకపోతే ఇక్కడ రోజుకు ఎంతమందికో పెట్టాలి.

ఆ హడావిడిలో ఒక తప్పు చరిత్రకెక్కింది. 1852లో అనున్‌జియాతా చక్రంలో వదిలిన ఒక మగశిశువుకు జెనితో అని పేరు పెట్టారు, పుట్టినవాడు అనే అర్థంలో. రిజిస్టర్‌లో ఎక్కించేటప్పుడు ఒక అక్షరం మారిపోయి జెమితో అయింది. ఇటాలియన్‌లో జెమితో అంటే మూలుగు. ఆ బిడ్డే తర్వాత ఇటలీ గర్వించే శిల్పి విన్‌చెంజో జెమితో. నేపుల్స్ వీధిపిల్లలనూ, చేపలు పట్టే కుర్రవాళ్లనూ కంచులో పోతపోశాడు. గుమస్తా చేతిలో జరిగిన పొరపాటును ఆయన మార్పించుకోలేదు.

మిగతా నగరాలూ తలో దారి తొక్కాయి. ఫ్లోరెన్స్‌లో పట్టు వర్తకుల సంఘం డబ్బుతో, వాస్తుశిల్పి బ్రూనెల్లెస్కి రూపకల్పనతో 1419లో మొదలైన ఆసుపత్రికి ఇన్నొచెంతి అని పేరు, అంటే అమాయకులు. బైబిల్‌లో హేరోదు రాజు చంపించిన శిశువుల జ్ఞాపకంగా పెట్టినది. అక్కడ చేరిన మొదటి పాప 1445 ఫిబ్రవరి 5న వచ్చింది. ఆ రోజు సెయింట్ ఆగత పండుగ కావడంతో ఆమెకు ఆగత స్మెరాల్ద అని పెట్టారు. టస్కనీలో ఇన్నొచెంతి, నొచెంతిని అనే ఇంటిపేర్లు అక్కడివే. బొలోన్యాలో దెల్యి ఎస్పోస్తి, సిసిలీలో త్రొవాతో. మొదటిది బయట పెట్టినవాళ్లది అని, రెండోది దొరికినవాడు అని. త్రొవాతో అని పెట్టిన గుమస్తా ఎవరో గానీ మిగతావాళ్ల కన్నా మంచి మనసున్నవాడు. అదే సంఘటనను వదిలినవాడి వైపు నుంచి కాకుండా ఎత్తుకున్నవాడి వైపు నుంచి చూశాడు.

మిలాన్‌ది ఇంకో కథ. అక్కడి పెద్దాసుపత్రి గుర్తు పావురం. దాంతో అక్కడ చేరిన పిల్లలకు కొలంబో అని పెట్టారు, పావురం అనే అర్థంలో. 1825 వరకూ ఆ అలవాటు సాగింది. ఇప్పుడు మిలాన్ చుట్టుపక్కల ఎక్కువమందికి ఉన్న ఇంటిపేర్లలో కొలంబోది ముందువరస. ఇక్కడ కాస్త జాగ్రత్త అవసరం. పావురం మామూలు మాట కాబట్టి పావురాలు పెంచినవాడికో, మెతకమనిషికో కూడా ఆ పేరు వేరేగా వచ్చి ఉండొచ్చు. క్రిస్టఫర్ కొలంబస్ అసలు ఇంటిపేరు కూడా కొలంబోనే, అతనిది జెనోవా. మిలాన్ ఆసుపత్రితో అతనికి ముడిపెట్టడానికి ఏ ఆధారమూ లేదు. ఎస్పోసితో విషయంలో ఇలాంటి అనుమానానికి చోటు తక్కువ. బయట పెట్టేసినవాడు అనే మాటకు ఇంకో అర్థం లాగడం కష్టం.

రోమ్‌లో వినిపించే ప్రొయెత్తి మరీ నిష్ఠూరంగా ఉంటుంది. విసిరేసినవాళ్లు అని అర్థం. మన ప్రాజెక్టు, ప్రొజెక్టర్ అనే మాటలు పుట్టిన ధాతువే. ఇదే ఇంటిపేరున్న నటుడు జీజి ప్రొయెత్తి 2020లో చనిపోయినప్పుడు రోమ్ నగరం మొత్తం తన ఇంటిమనిషి పోయినట్టు ఏడ్చింది. విసిరేసిన బిడ్డ అనే భావంతో పేర్లు తెలుగునాట కూడా ఉన్నాయి. వరసగా బిడ్డలు పోయిన ఇంట్లో తర్వాత పుట్టినదాన్ని పెంటమీద పెట్టి, మళ్లీ ఎత్తుకొచ్చి పెంటయ్య అనో పెంటమ్మ అనో పిలిచేవారు. చావు కళ్లు కప్పడానికి పారేసినట్టు నటించడం అది. ఇక్కడ పేరులో పారేయడం ఉంది గానీ బిడ్డ అమ్మ ఒడిలోనే ఉంది. రోమ్‌లో అది నటన కాదు.

చక్రాల కాలం 19వ శతాబ్దంలో ముగియడం మొదలైంది. వదిలేయడం మరీ సులువు కావడం వల్లే వదిలేసేవాళ్లు పెరుగుతున్నారని వాదన బలపడింది. చక్రాన్ని మొదట 1867లో ఫెరారా నగరం మూసింది, మరుసటి ఏడాది మిలాన్, 1875లో నేపుల్స్. 1923లో దేశమంతటా వాటిని రద్దుచేశారు. అనున్‌జియాతా ఆ తర్వాత కూడా పిల్లలను తీసుకుంటూనే ఉంది, కానీ గోడలోంచి కాదు, గుమ్మంలోంచి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఎస్పోసితోలు ఓడలెక్కారు. 1880ల నుంచి మొదటి ప్రపంచయుద్ధం దాకా దక్షిణ ఇటలీ పేదలు లక్షల్లో అమెరికాకూ, అర్జెంటీనాకూ వలసపోయారు. బ్యూనస్ ఎయిర్స్‌లో వాళ్లకు దగ్గరి చుట్టం ఒకటి అప్పటికే ఎదురుచూస్తోంది. అక్కడ 1779 నుంచే స్పెయిన్ పాలకులు పెట్టిన శిశుగృహం ఉంది, దాని పిల్లలకు వచ్చిన పేరు ఎక్స్‌పోసితో. స్పెయిన్‌లో ఆ పేరున్నవాళ్లు కావాలంటే మార్చుకోవచ్చని 1921లో చట్టమే తెచ్చారు. ఇటాలియన్ పేరు మాత్రం న్యూయార్క్‌లో దిగేసరికే తన అర్థాన్ని ఓడలో వదిలేసింది. ఇంగ్లిష్ చెవికి అది కేవలం చివర ఓకారం ఉన్న ఒక ఇటాలియన్ పేరు. 1970-71 సీజన్‌లో 76 గోల్స్ కొట్టిన కెనడా ఐస్ హాకీ ఆటగాడు ఫిల్ ఎస్పోసితోని చూసి ఎవరూ చక్రం గురించి అడగలేదు. 'బ్రేకింగ్ బ్యాడ్' సిరీస్ గస్ ఫ్రింగ్ పాత్రతో మన ఓటీటీ ప్రేక్షకులకు కూడా తెలిసిన జియాన్‌కార్లో ఎస్పోసితో తండ్రి నేపుల్స్‌వాడే.

అందరికన్నా పేరున్న ఎస్పోసితోని తెలుగువాళ్లు తెలియకుండానే వారానికోసారి తలుచుకుంటున్నారు. 1889లో నేపుల్స్‌కు వచ్చిన రాణి మార్గెరీతా కోసం టమాటా, మొజ్జరెల్లా, తులసిజాతి ఆకులతో పిజ్జా చేశాడని చెప్పేది రఫాయేలె ఎస్పోసితో గురించే. ఆ కథకు రుజువుగా చూపే రాజప్రాసాదం ఉత్తరం మీద చరిత్రకారులకు అనుమానాలున్నాయి, అలాంటి పిజ్జా అంతకుముందే ఉందని కూడా అంటారు. కథ అబద్ధమైనా అందులో ఆ ఇంటిపేరు మాత్రం అతికినట్టు సరిపోయింది. నేపుల్స్‌లో ఓ మామూలు పిజ్జా కొట్టువాడికి అంతకన్నా సహజమైన ఇంటిపేరు దొరకదు.

ఇప్పుడు అక్కడ జెన్నారో ఎస్పోసితో అంటే మన దగ్గర వెంకటేశ్వర్లు అన్నంత మామూలు. ఇంటర్ మిలాన్ జెర్సీ మీద ఆ పేరు కనిపిస్తే అభిమానులకు గుర్తొచ్చేది నేపుల్స్ దగ్గరి కాస్తెల్లమ్మారె నుంచి వచ్చిన ఫుట్‌బాల్ అన్నదమ్ములు. మచ్చను చట్టం చెరపలేదు. మ్యురా ఆంక్ష వచ్చేసరికే ఆ పేరు వేలాది ఇళ్లలో పాతుకుపోయింది. దాన్ని చెరిపింది జనసంఖ్యే. పక్కింటివాడికీ, పోలీసుకూ, టీచరుకూ, ఫాదరుకూ అదే పేరున్నప్పుడు ఎవరు ఎవరిని వేలెత్తి చూపుతారు? 2022లో ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం పిల్లలకు తండ్రి ఇంటిపేరు మాత్రమే పెట్టే పద్ధతిని కొట్టేసింది. తల్లిదండ్రులు వేరేగా ఒప్పందానికి రాకపోతే ఇద్దరి ఇంటిపేర్లూ బిడ్డకు వస్తాయి. కాబట్టి ఇకమీద తల్లి వైపు నుంచి కూడా ఈ పేరు దిగుతుంది.

బిడ్డలను వదిలేయడం మాత్రం పూర్తిగా ఆగలేదు. ఇటలీలో ఆసుపత్రిలో తన పేరు బయటపెట్టకుండా కాన్పు చేయించుకునే హక్కు తల్లికి ఉంది. కొన్ని ఆసుపత్రుల బయట వెచ్చగా ఉండేలా చేసిన చిన్న ఊయలలు పెట్టారు, బిడ్డను పడుకోబెడితే లోపల అలారం మోగుతుంది. అలా వచ్చిన బిడ్డకు పేరూ ఇంటిపేరూ పెట్టాల్సింది జననాలు నమోదు చేసే అధికారి. అతనికి 2000 నాటి నిబంధనల్లో రెండు షరతులు ఉన్నాయి. ఆ ఊళ్లో బాగా తెలిసిన కుటుంబాల పేరు పెట్టకూడదు. బిడ్డ ఎలా వచ్చిందో తెలిసిపోయే పేరూ పెట్టకూడదు. కాబట్టి ఈ రోజు నేపుల్స్‌లో ఊయలలో దొరికిన పాపకు పేరు వెతికే అధికారి ముందు ఏ ఇంటిపేరైనా ఉంది గానీ, అతను మొదట పక్కన పెట్టాల్సింది మాత్రం ఆ ఊళ్లో అందరికన్నా ఎక్కువమందికి ఉన్న పేరునే.